మద్య సహనం, మందు మర్యాదలు: కోనసీమ

మద్యాన్ని ఒళ్లు తట్టుకునే తీరును మద్య సహనం అంటారు. ఒకే సీసాలోది ఒకే కొలతన పోసుకున్న ఇద్దరిలో ఒకరికి రెండో గ్లాసుకే మాట తడబడుతుంది. రెండో మనిషి సీసా ఖాళీ అయ్యాక కూడా లెక్క తప్పకుండా డబ్బు కట్టి, బండి తీసుకుని ఇంటికి వెళతాడు. జనం నోట దీని పేరు కెపాసిటీ. అందులో కొంత పుట్టుకతో వస్తుంది, ఎక్కువ భాగం అలవాటుతో పెరుగుతుంది, కాలేయం పాడయ్యాక ఒక్కసారిగా కూలిపోతుంది. వైద్యుడికి అది మెదడు మత్తుకు సర్దుకుపోయిందని చెప్పే ఆనవాలు. ఊళ్లో మాత్రం అది మగవాడి ఘనత. వైద్యుడు హెచ్చరికగా చదివేదాన్ని ఊరు మెచ్చుకుంటోంది కనుకనే ఎంతోమంది విషయంలో జబ్బు ముదిరేదాకా ఎవరూ పట్టించుకోరు.

ఈ వ్యాసం గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమను, ముఖ్యంగా మామిడికుదురు మండలం నగరం చుట్టుపక్కల ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుంటుంది. నగరం పక్కనే తాటిపాక, ఆపైన రాజోలు. వైనతేయ దాటితే బోడసకుర్రు, తరవాత అమలాపురం. ఈశాన్యంగా గౌతమి అవతల యానాం. కల్లు గీత, బ్రాందీ షాపు, పక్కనే వేరే చట్టమున్న యానాం, గల్ఫ్ వలస, అయ్యప్ప మాలలు అన్నీ ఒకేచోట కలిసిన సీమ ఇది. తెలుగువారికి మద్యంతో ఉన్న సంబంధాన్ని అన్ని వైపుల నుంచీ చూడటానికి ఇంతకన్నా అనువైన ప్రాంతం దొరకడం కష్టం.

కల్లు నుంచి క్వార్టరు దాకా

గోదావరి డెల్టాలో పాత తాగుడు కల్లే. కోనసీమ కొబ్బరికి పేరుపడినా, చేల గట్ల మీద, కాలవల వెంట పెరిగే తాడిచెట్టే కల్లుకు ఆధారం. గీత కార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కి, గెల కొనను కత్తితో పలచగా చెక్కి, కింద కుండ కడతాడు. పొద్దునా సాయంత్రమూ మళ్లీ ఎక్కి చెక్కితేనే ధార ఆగకుండా వస్తుంది. చెట్టు నుంచి దిగే రసం తియ్యగా ఉంటుంది. కుండ లోపల సున్నం పూస్తే ఆ తీపి నిలుస్తుంది, అదే నీరా. సున్నం లేని కుండలో గాలిలోని ఈస్టు, కొన్ని రకాల సూక్ష్మజీవులు కొద్ది గంటల్లోనే చక్కెరను మద్యంగా మారుస్తాయి. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మరునాటికి పులిసి వినిగరు దారి పడుతుంది. సాధారణంగా కల్లులో మద్యం 4, 5 శాతం దాకా ఉంటుంది.

ఈ వృత్తి మీద బతికిన కుటుంబాలకు సమాజంలో దక్కిన గౌరవం తక్కువ. ఆబ్కారీ వేలంపాటల ద్వారా ప్రభుత్వానికి డబ్బు వచ్చింది, కాంట్రాక్టర్లకు లాభం వచ్చింది. చెట్టెక్కినవాడికి మిగిలింది నడుము నొప్పి, పడిపోతామనే భయం. బోడసకుర్రుకు చెందిన దొమ్మేటి వెంకటరెడ్డి రంగూన్‌లో వ్యాపారం చేసి సంపాదించి, తిరిగొచ్చి, తన వారికి చదువూ భూమీ మర్యాదా దక్కాలని కూడగట్టాడు. ఆయన కృషితోనే 1920లో గీత వృత్తిలో ఉన్న ఆయన కులానికి శెట్టిబలిజ అన్న పేరు అధికారికంగా దక్కింది. ఈ ప్రాంతంలో మద్యం చరిత్ర తాగినవాళ్లదే కాదు, దాన్ని దించి అమ్మి, ఆ పని నుంచి బయటపడాలని తపించినవాళ్లది కూడా.

ఇప్పుడు కల్లు వెనక్కి తగ్గింది. ఊళ్లో మందు అంటే ఇంగ్లీషు మందు, అంటే క్వార్టరు సీసా. దాంతోపాటు స్ట్రాంగ్ బీరు. పెద్దలు చాలామంది ఇప్పటికీ కల్లును తాగుడు కింద లెక్కకట్టరు, ఒంటికి చలవ అంటారు. 5 శాతం మద్యం ఉన్న లీటరు కల్లులో దాదాపు 40 గ్రాముల మద్యం ఉంటుంది. అది నాలుగు చిన్న పెగ్గులకు సమానం.

కొలతలు, లెక్కలు

కెపాసిటీ గురించి జరిగే వాదాలన్నీ గ్లాసుల్లో, సీసాల్లో జరుగుతాయి. ఒంటికి తెలిసేది గ్రాముల మద్యమే. మన దగ్గర అమ్మే బ్రాందీ, విస్కీ, రమ్ముల్లో మద్యం 42.8 శాతం. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో 10 గ్రాములు, నైంటీలో 30, 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 60 గ్రాములు. 650 మిల్లీలీటర్ల బీరు 5 శాతంది అయితే 25 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు అయితే 40 గ్రాములు. బీరుదేముంది, నీళ్లే కదా అని రెండు స్ట్రాంగ్ సీసాలు తాగినవాడు క్వార్టరు దాటి పోయినట్టే.

నెత్తురులో కలిసిన మద్యంలో చాలావరకు కాలేయమే విరిచేయాలి. దాని వేగం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు. సఖినేటిపల్లి రేవులో గట్టున జనం ఎంతమంది నిలబడినా పంటు ఒక విడతకు ఎక్కించుకోగలిగినంత మందినే దాటిస్తుంది. కాలేయం పని తీరు కూడా అదే. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం ఏవీ ఈ వేగాన్ని పెంచవు. క్వార్టరు దిగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. రాత్రి పదకొండుకు ముగించి, తెల్లవారుజామున ఐదింటికి కారు తీసి హైదరాబాద్ బయల్దేరినవాడు ఇంకా మత్తు దిగనివాడే.

తిండి గురించి ఒక మాట. పెరుగన్నమో కోడికూరో తిని తాగితే ఎక్కదంటారు. కడుపు నిండుగా ఉంటే మద్యం చిన్నపేగులోకి మెల్లగా దిగుతుంది కనుక మత్తు ఆలస్యంగా, కాస్త తక్కువగా తెలుస్తుంది. లోపలికి పోయిన గ్రాములు మాత్రం కాలేయం వంతుకు రావలసిందే.

స్వీడన్ రసాయన శాస్త్రవేత్త విడ్‌మార్క్ 1930లలో ఇచ్చిన సూత్రంతో స్థూలంగా లెక్క కట్టవచ్చు. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపున ఒక చిన్న పెగ్గు గబగబా తాగితే 100 మిల్లీలీటర్ల నెత్తురులో 20 మిల్లీగ్రాముల పైచిలుకు మద్యం చేరుతుంది. రెండో పెగ్గుకు 40 దాటుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం హద్దు 30 మిల్లీగ్రాములు. అది దాటితే మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 50 కిలోల ఆడమనిషికి ఒక్క చిన్న పెగ్గే ఆ హద్దు దాటించవచ్చు. ఆడవారి ఒంట్లో నీటి పాళ్లు తక్కువ, కడుపులో మద్యాన్ని విరిచే ఎంజైమూ తక్కువ. కాలేయ జబ్బు కూడా వారికి మగవారికన్నా తక్కువ తాగుడుకే, తక్కువ ఏళ్లకే వస్తుంది.

ఒళ్లు ఎందుకు తట్టుకుంటుంది

మద్యం కాలేయంలో ముందు అసిటాల్డిహైడ్‌గా, ఆ తరవాత అసిటేట్‌గా మారుతుంది. నడుమ పుట్టే అసిటాల్డిహైడ్ విషం. మొహం ఎర్రబడటం, గుండె దడ, వాంతి దానివల్లే. చైనా, జపాన్, కొరియా ప్రజల్లో మూడో వంతుకు పైగా మందిలో ఈ విషాన్ని విరిచే ఎంజైము సరిగా పనిచేయదు. ఆ జన్యు మార్పు వారికి పుట్టుకతో వచ్చే అడ్డుకట్ట. భారతీయుల్లో అది అరుదు. మనలో చాలామందికి మొదటి గ్లాసుకే ఆపమని చెప్పే ఆ గంట ఒంట్లో లేదు.

సహనం ఒక్క రకం కాదు. మొదటిది, ఒక్క విడత తాగుడులోనే వచ్చేది. బ్రిటన్ వైద్యుడు మెలన్‌బీ 1919లో గమనించినట్టు, నెత్తురులో మద్యం ఎక్కుతున్నప్పుడు కనిపించే మత్తు, అదే స్థాయిలో దిగుతున్నప్పుడు కనిపించదు. అందుకే రెండు గంటలు గడిచాక తాగినవాడు నాకు దిగిపోయింది అంటాడు. నిజానికి దిగింది మత్తు తెలివిడి మాత్రమే. బండి నడిపే చేతి తీరు, ఎదురుగా వచ్చే లారీ వేగాన్ని అంచనా వేసే చూపు ఇంకా వెనక్కి రాలేదు. పోలీసు గొట్టంలో ఊదితే అంకె నిజం చెబుతుంది.

రెండోది, నెలలూ ఏళ్లూ తాగగా వచ్చేది. మద్యం మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థను ఎగదోసి, ఉద్రేకపరిచే గ్లుటమేట్‌ను అణుస్తుంది. రోజూ ఇలా జరిగితే మెదడులో తూకం సరిచేసుకోవడానికి శాంతపరిచే వైపు మందగిస్తుంది, ఉద్రేకపరిచే వైపు పదునెక్కుతుంది. అప్పుడు మామూలుగా ఉండటానికే మద్యం కావలసివస్తుంది. కాలేయం కూడా అదనపు ఎంజైములు తయారు చేసుకుంటుంది కానీ దానివల్ల కలిసొచ్చేది కొద్దిగానే. మూడోది, నేర్చుకున్న సహనం. రోజూ ఒకే తోటలో, ఒకే జట్టుతో తాగేవాడు ఆ చోటికి అలవాటు పడి తూలకుండా నడుస్తాడు. అదే మోతాదు పరాయి ఊళ్లో, పెళ్లిలో, కొత్తవాళ్ల నడుమ తాగితే పడిపోవచ్చు.

ఈ మూడు రకాల్లోనూ మారనిది ఒకటుంది. మెదడు ఓర్చుకోవడం నేర్చింది కానీ కాలేయం, క్లోమం, గుండె, గొంతు నేర్చుకోలేదు. కెపాసిటీ పెరిగినవాడు ఎక్కువ తాగుతాడు, ఎక్కువ గ్రాములు ఆ అవయవాల మీదుగా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2023 జనవరిలో ఆరోగ్య సంస్థ, హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని చెప్పింది.

అమెరికాలో శాన్ డియాగో మనోవైద్యుడు మార్క్ షుకిట్ 1970ల చివరి నుంచి తాగుబోతు తండ్రుల కొడుకులను, ఆ చరిత్ర లేని యువకులను పోల్చి చాలా ఏళ్లు వెంట ఉండి గమనించాడు. ఇరవై ఏళ్ల వయసులో ఒకే మోతాదుకు తక్కువ మత్తు తెలిసినవారే ఆ తరవాతి కాలంలో వ్యసనంలో ఎక్కువగా పడ్డారు. మన దగ్గర పెళ్లికొడుకు స్నేహితుల్లో ఎంత తాగినా చలించని కుర్రాడిని చూసి ఈల వేస్తారు. ఆ గుంపులో వ్యసనంలో పడే ప్రమాదం ఎక్కువగా ఉండగలిగేది అతనికే. ఇది ప్రతి తల్లిదండ్రికీ తెలియవలసిన విషయం.

తోటలో కూర్చున్న తీరు

తెలుగు సాహిత్యం ఈ విషయంలో మొదటి నుంచీ మాట్లాడుతూనే ఉంది. రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో, శిష్యుడు కచుడి బూడిద కలిసిన సురను తెలియక తాగిన శుక్రాచార్యుడు, ఆ తప్పుకు సురాపానాన్ని శపిస్తాడు. ధర్మశాస్త్రాలు దాన్ని పంచమహాపాతకాల్లో చేర్చాయి. గురజాడ 1909లో తిరగరాసిన కన్యాశుల్కంలో సారా దుకాణం రంగం ఉంది. అక్కడ బైరాగి నుంచి పోలీసు దాకా ఒకచోట చేరతారు. బయట ఒకరి పక్కన ఒకరు కూర్చోనివాళ్లు దుకాణంలో కూర్చున్నారు. 1953 నాటి దేవదాసు సినిమాతో, అక్కినేని నాగేశ్వరరావు నటనతో, తాగుడు ప్రేమ వైఫల్యానికి అందమైన ఉపశమనంగా తెర మీద నిలిచిపోయింది. ఈ మూడూ మన తలలో ఒకేసారి తిరుగుతుంటాయి: పాపం, సరదా, దుఃఖానికి మందు.

కోనసీమలో ఇంటి ముందు పందిట్లో మందు పోయరు. పెళ్లి భోజనాల దగ్గర పూతరేకులూ పనసకాయ కూరా వడ్డిస్తారు. తాగేవాళ్లు ఒక్కొక్కరే లేచి కొబ్బరితోటలోకో, కాలవగట్టుకో, కారు డిక్కీ దగ్గరికో పోతారు. అరగంట పోయాక సోంపు నములుతూ వచ్చి, పెద్దాయన పక్కన కాకుండా నాలుగు వరసల అవతల కూర్చుంటారు. ఇంట్లో ఆడవాళ్లకు అంతా తెలుసు. తెలియనట్టు ఉంటారు. ఇక్కడి మర్యాద తాగవద్దనదు, కనపడవద్దంటుంది. కానీ ఎవరికీ కనపడకుండా తాగేవాడు ఎంత తాగుతున్నాడో కూడా ఎవరికీ కనపడదు.

సంక్రాంతికి అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడిది అసలు పరీక్ష. కనుమ సాయంత్రం బామ్మర్దులు బండి ఎక్కించుకుని తోటకు తీసుకెళతారు. కుర్చీలు వేసి ఉంటాయి. రొయ్యల వేపుడు, జీడిపప్పు, సోడా.

“ఒక్కటేయండి బావగారూ, పండగండి.”

“అబ్బే, నాకు పడదండి. రాత్రంతా కడుపులో మంట.”

“అయితే బీరు తీసుకోండి. అదేం చేస్తదండీ?”

పడదు అన్నవాడిని కాసేపటికి వదిలేస్తారు, ఒంటి సాకు కాబట్టి. నాకు ఇష్టం లేదు అన్నవాడిని వదలరు. అది తమను తక్కువ చేసినట్టు తోస్తుంది. అందుకే తాగని మగవాళ్లు ఈ సీమలో అల్సరు, షుగరు మాత్రలు, మొక్కు అని ఏదో ఒకటి చెప్పుకుంటారు. అతిథికి కడుపు నిండా పెట్టి పంపడం గోదావరి జిల్లాల గొప్ప గుణం, దాన్ని కాదనే పని లేదు. తిండికి పెట్టిన బలవంతం మందుకు పెట్టకూడదు. బావగారు మొదటిసారి వద్దన్నప్పుడే ఆయన గ్లాసులో కొబ్బరినీళ్లు పోసిన ఇల్లే మర్యాద తెలిసిన ఇల్లు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటిన మగవారిలో 23.3 శాతం, ఆడవారిలో 0.5 శాతం మద్యం తాగుతామని చెప్పారు. తెలంగాణలో ఆ అంకెలు 43.3, 6.7. పండగకూ పబ్బానికీ ఆడవారు కూడా కల్లు తాగే ఆచారం తెలంగాణ పల్లెల్లో బతికే ఉంది. కోస్తాలో ఆడవారి తాగుడు సిగ్గుచేటుగా మారింది కనుక అడిగినా చెప్పేవారు తక్కువ. ఇదే సర్వే దేశమంతటి లెక్కల్లో, తరచూ తాగొచ్చే భర్తల చేతిలో హింస పడే భార్యల పాళ్లు, తాగని భర్తల ఇళ్లకన్నా సుమారు మూడు రెట్లు. తాగుడు మర్యాదల గురించి రాసే ఎవరూ ఈ లెక్కను పక్కన పెట్టి రాయకూడదు.

మానడానికి కూడా మర్యాదలున్నాయి. బాప్తిస్మం తీసుకున్న రోజున గ్లాసు వదిలేసినవారు ఈ ఊళ్లలో ఎందరో. ముస్లిం ఇళ్లలో మతమే అడ్డు. అన్నిటికన్నా విస్తారంగా కనిపించేది అయ్యప్ప మాల. నలభై ఒక్క రోజుల దీక్షలో మందు ముట్టని మనిషిని స్వామీ అని పిలుస్తారు, తాగమని ఎవరూ అడగరు. నిరాకరణకు ఊరంతా గౌరవమిచ్చే ఏకైక కాలం అదే. చాలామంది భార్యలకు ఏడాదిలో నిశ్చింతగా నిద్రపోయే రోజులు కూడా అవే.

అయితే దీక్షకు రెండు చివరలా వైద్యపరమైన ప్రమాదం ఉంది, దాన్ని గురుస్వాములు సహా అందరూ తెలుసుకోవాలి. రోజూ క్వార్టరుకు తగ్గకుండా తాగేవాడు మాల వేసుకుని ఒక్కసారిగా మానితే, పదును తేలిన మెదడుకు కళ్లెం పోతుంది. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనపడటం, పొంతన లేని మాటలు, జ్వరం మొదలైతే ప్రాణాపాయం. దాన్ని స్వామి పూనకమనో గాలి సోకిందనో అనుకుని ఇంట్లో ఉంచకూడదు. ఇక రెండో చివర: మండల దీక్ష డిసెంబరు చివర ముగుస్తుంది, ఆ వెంటే డిసెంబరు 31, భోగి, సంక్రాంతి, కనుమ, కోడిపందేల బరులు. నలభై ఒక్క రోజుల్లో సహనం చాలావరకు పడిపోతుంది. మాల తీసినవాడు పాత లెక్క ప్రకారం ఒక్కసారే పోసుకుంటే, ఆ మోతాదు ఇప్పుడు అతనికి చాలా ఎక్కువ. ఊపిరి మందగించడం, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం, బండి ప్రమాదాలు అప్పుడే.

చట్టం ఇటు, యానాం అటు

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి రాష్ట్రమంతటా వచ్చింది. గోదావరి పాయకు ఇటు నిషేధం ఉంటే, అటు యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉంది, అక్కడ నిషేధం లేదు. ఆ తేడా ఇప్పటికీ పోలేదు. పుదుచ్చేరి చట్టం కింద యానాంలో పద్దెనిమిదేళ్లకే మద్యం కొనవచ్చు, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై ఒకటి నిండాలి. 2002లో తెరుచుకున్న యానాం–ఎదుర్లంక వంతెన రేవు అవసరం తీర్చింది. ధరల తేడా ఉన్నప్పుడల్లా అది మందు దారి కూడా అయింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ ఏడాదికే ఈ విషయం మీద ప్రభుత్వం పడిపోయింది. నిషేధంతో గీత కార్మికులు పని కోల్పోయారు. గౌతు లచ్చన్న వారి పక్షాన ఉద్యమం నడిపాడు. నిషేధం ఎత్తేయమన్న రామమూర్తి కమిటీ సిఫారసును పట్టించుకోలేదన్న గొడవలో, 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఆ తరవాత సడలింపులు, ఆబ్కారీ ఆదాయం, 1980లలో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా అమ్మిన వారుణి వాహిని.

దానికి జవాబు నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వచ్చింది. అక్షరాస్యత తరగతిలో సీతమ్మ కథ పాఠం చదువుకున్న ఆడవారు తమ ఊరి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం జిల్లాలకు జిల్లాలు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, ఎన్టీఆర్ తిరిగి అధికారంలోకి వచ్చాక 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. నాటుసారా, దొంగ రవాణా, ఖజానా లోటు కారణాలుగా చెప్పారు. ఆ ఉద్యమం ఓడిందనడం సరికాదు. తాగుడును మగవారి సరదా నుంచి ఇంటి సమస్యగా, ఊరి సమస్యగా మార్చింది ఆ ఆడవారే.

2019 అక్టోబరు నుంచి షాపులను ప్రభుత్వమే నడిపింది, 2020లో ధరలు బాగా పెంచింది. ఆ జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. అలవాటుపడ్డ మెదడు అంత దూరం తీసుకెళుతుంది. 2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి, 99 రూపాయల క్వార్టరు వచ్చింది.

గల్ఫ్ గదులు, కల్తీ కల్లు

కోనసీమ ఇళ్లలో కువైట్, ఖతార్, దుబాయ్‌లలో మనిషి లేని వీధి తక్కువ. కువైట్‌లో మద్యం 1960ల నుంచి పూర్తిగా నిషేధం. దొరికేది దొంగచాటుగా కాచినదే. 2025 ఆగస్టులో అక్కడ మిథనాల్ కలిసిన మందు తాగి ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఆసియా దేశాల కూలీలు. మిథనాల్ కాలేయంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కళ్లను, మెదడును దెబ్బతీస్తుంది. ఎంత కెపాసిటీ ఉన్నవాడికైనా దాన్ని తట్టుకునే శక్తి ఉండదు. చూపు మసకబారితే గంటల్లోనే ఆసుపత్రికి చేరాలి, అరెస్టు భయంతో గదిలో పడుకోకూడదు.

తెలంగాణలో ఇంకో విషాదం ఉంది. కొన్ని జిల్లాల్లో కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, అల్ప్రాజోలామ్ కలుపుతారు. 2015లో అధికారులు దాన్ని అడ్డుకోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వందల మంది వణుకు, ఫిట్స్, పిచ్చి చూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. తాము తాగేది కల్లే అనుకున్నవారి మెదళ్లు మందు బిళ్లలకు అలవాటుపడి ఉన్నాయి.

గుర్తులు, వైద్యం

పాత మోతాదుకు మత్తు రాకపోవడం, పొద్దున్నే చేతులు వణికి ఒక చుక్క పడితే ఆగడం, రేపటి నుంచి మానేస్తానని చెప్పి మానలేకపోవడం, ఇవి వ్యసనం గుర్తులు. చాలా ఏళ్లు బాగా తాగినవాడికి ఉన్నట్టుండి ఒక్క పెగ్గే ఎక్కిపోతుంటే అది మంచి మార్పు కాదు, కాలేయం చేతులెత్తేస్తోందని అర్థం. కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, కాళ్ల వాపు ఆ వెనకే వస్తాయి.

మానాలనుకునే మనిషికి ముందు కావలసింది ఆసుపత్రిలో కొద్ది రోజుల పర్యవేక్షణ, మత్తు వెనక్కి తగ్గేటప్పుడు ఫిట్స్ రాకుండా మందులు, విటమిన్ బి1 ఇంజక్షన్లు. బి1 లోపిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతింటుంది. డైసల్ఫిరామ్ బిళ్ల, చైనా, జపాన్, కొరియా వారిలో కొందరికి పుట్టుకతో ఉన్న ఆ అడ్డుకట్టను కృత్రిమంగా పెడుతుంది. అది వేసుకుని తాగితే దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం తప్పవు. కొందరు భార్యలు ప్రకటనలు నమ్మి, భర్తకు తెలియకుండా కూరలో కలిపే పొడి కొంటారు. వారి బాధ అర్థం చేసుకోవలసిందే. కానీ ఆ పొడిలో ఈ బిళ్లే ఉంటే, తెలియక తాగిన మనిషి గుండె ఆగిపోవచ్చు. మనిషికి తెలిసి, ఒప్పుకుని, వైద్యుడి చేతి మీదుగా వేసుకోవలసిన మందు అది.

ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, మాల వేసుకోక ముందే, పండగ రాక ముందే దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. మత్తు వ్యసనాల మీద సలహాకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 14446.